మనకు గిట్టని కాగితం

జూనియరు ఒకమ్మాయి పద్నాలుగు పేజీల తేదీల పట్టిక చేత్తో రాసి బల్లమీద పెట్టింది. ఈ వారమంతా ఈ కాలమిస్టుకు అదే సంబరం.

పత్తి బేళ్ల వ్యాపారి ఒకాయన, బాకీ రాలేదని వేయబోతున్న దావా అది. ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాట్సాప్ మెసేజీలు అన్నీ వరసలో పడ్డాయి. తొమ్మిదో పేజీలో ఒకచోట ఎర్రగీత. సరుకు చేరిన నాలుగో రోజున మన క్లయింటే పంపిన మెసేజి అది: 'తేమ ఎక్కువే ఉంది, రేటు చూసుకుందాం.'

"సార్, దీన్ని ఫోన్లోంచి తీసేస్తే పోలే?" అన్నాడాయన.

"అవతలివాళ్ల ఫోన్లో ఉంటుందండీ. లేకపోయినా మనం పెట్టాల్సిందే."

అంత తేలిగ్గా ఆ మాట నోటికి రావడానికి కాలమిస్టుకు ఏళ్లు పట్టింది. సిటీ సివిల్ కోర్టులో ఆయనకు పని నేర్పిన సీనియరు పద్ధతి వేరు. అవతలివాడికి పనికొచ్చే కాగితం అడిగేదాకా బయటికి రాదు. మనకు పనికొచ్చేదేమో సాక్షి బోనెక్కి ఒక మాట అనేశాక కోటు జేబులోంచి వస్తుంది. అలాంటి ఒక రసీదు చూసి బోనులో సాక్షి నోరు ఎండిపోవడం కుర్ర ప్లీడరుగా వెనక బెంచీ నుంచి చూశాడాయన. వకీలు పనంటే అదేననుకున్నాడు. కోర్టు వదిలాక ఇరానీ చాయ్ దగ్గర జూనియర్లంతా ఆ క్రాస్ ఎగ్జామినేషన్నే మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు.

వాయిదాల మీద ఈ కాలమ్ పోరు పాత పాఠకులకు తెలిసిందే. 2015 కమర్షియల్ కోర్టుల చట్టం మాటెత్తితే 120 రోజుల గడువును పొగడకుండా ఉండదు. సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు వేయాలి, కోర్టు ఒప్పుకుంటే మహా అయితే 120. అది దాటితే ఆ హక్కే పోతుంది. ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది.

అదే చట్టం వాది మీదా ఒక బరువు పెట్టింది. తన దగ్గరున్న సంబంధిత కాగితాలన్నీ, తనకు గిట్టినవీ గిట్టనివీ, ప్లెయింటుతోపాటే దాఖలు చేసి, ఇక ఏమీ దాచలేదని ప్రమాణం చేయాలి. ఈ నిబంధన గురించి కాలమ్ ఇన్నాళ్లూ ఒక్క మాటా రాయలేదు. అవతలివాడి మీద పడే గడువునే పొగుడుతూ వచ్చింది. కానీ ఆలస్యానికి అసలు విత్తనం దాచిన కాగితమే: అది బయటపడ్డాక ఒక అర్జీ, దానికి కౌంటరు, వాదనలు, మళ్లీ వాయిదా. జేబులోంచి తీసిన ఆ రసీదు మొదటిరోజే ఫైల్లో ఉంటే, ఆ సాక్షి బోనెక్కే అవసరమే ఉండేది కాదేమో.

క్లయింటు ముభావంగానే కాలిక్యులేటరు తీశాడు. తేమకు తరుగు తీసి బాకీ మళ్లీ లెక్కకట్టాడు. దావాకు ముందు మీడియేషన్ తప్పనిసరి కాబట్టి, సోమవారం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పడుతుంది. మెసేజి ప్రింటును జూనియరు కట్టలో మూడో కాగితంగా కుట్టింది.