వద్దు అనే హక్కు: గోదావరి సినిమాలు, కొండ మనిషి

గోదావరి మీద లాంచీ ప్రయాణం అనగానే తెలుగువాళ్లకు రెండు సినిమాలు గుర్తొస్తాయి. ఒకటి 1973లో బాపు, ముళ్లపూడి వెంకటరమణల ‘అందాల రాముడు’. రెండోది 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’. రెండింటిలోనూ ప్రయాణం భద్రాచలానికే. లాంచీ ఎక్కిన రకరకాల మనుషుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, వాళ్ల ప్రేమల్నీ డాబుల్నీ చూపించిన మంచి సినిమాలవి. ఆ మంచితనాన్ని కాదనడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

అయితే రెండింటిలోనూ కథ ప్రయాణికులదే. పాపికొండలు వాళ్ల మనసులు కలవడానికి వెనక కట్టిన తెర. ఈ నీళ్లు ఎక్కడ సుడి తిరుగుతాయో, ఏ నెలలో లాంచీ కదలకూడదో తెలిసిన మనిషి కథను నడిపేవాడు కాలేదు. సినిమాకు అది పెద్ద లోపం కాకపోవచ్చు. కానీ సినిమా నేర్పిన చూపుతోనే జనం నదిని చూస్తారు. పర్యాటకం కూడా ఆ చూపునే టికెట్టు పెట్టి అమ్ముతోంది.

2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీదుండగా కచ్చులూరు మందం దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది బతికారు. తమ పడవలేసుకుని వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఆ తీరపు గిరిజనులే. ఆ రోజు పత్రికలు వాళ్ల సాహసాన్ని మెచ్చుకున్నాయి. సాహసం నిజమే. కానీ దాని వెనక ఉన్నది నీటిని చదివే విద్య. ఆ విద్యను బోటు కదలకముందే అడిగి ఉంటే? ప్రమాదం తర్వాత సర్కారు బోట్లు ఆపింది, కంట్రోల్ రూములు పెట్టింది. అవి అవసరమే. అయినా గైడు పనిలో అసలు మాట ‘రండి’ కాదు, ‘ఈ రోజు వద్దు’. ఆ మాట అనే అధికారం ఎవరిదన్నదే మన ప్రశ్న.

కొండ మీదా ఇదే లెక్క. 2022లో జిల్లాలు విడిపోయేదాకా రాయవరం, దేవీపట్నం, మారేడుమిల్లి అన్నీ తూర్పు గోదావరివే. ఇప్పుడు గీతలు మారాయి కానీ, సెలవు దొరికితే మైదానం వాళ్లు మారేడుమిల్లి ఘాటు ఎక్కడం మారలేదు. అక్కడ మన పిల్లలకు దొరికే పని ఎక్కువగా బొంగులో చికెన్ కాల్చడం, గదులు ఊడవడం, అతిథుల ముందు ఆడటం. ఏ పనీ తక్కువది కాదు. కానీ దారి చూపే పని వేరు. వాగు పొంగితే గుంపును వెనక్కి తిప్పాలి. జలపాతం కింద ఏ బండ జారుతుందో ముందే చెప్పాలి. దెబ్బ తగిలినవాడికి ప్రథమ చికిత్స చేయాలి. దీనికి పెద్దల దగ్గర నేర్చిన తెలివితోపాటు చేతిలో కాగితం కూడా ఉండాలి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ లాంటి చోట్ల ప్రాణరక్షణలో, పడవ నడపడంలో శిక్షణ ఇస్తారు. తెలివి మన దగ్గర, కాగితం ఇంకొకరి దగ్గర ఉన్నంతకాలం మనం కూలీలుగానే మిగులుతాం.

‘గోదావరి’ వచ్చిన 2006లోనే అటవీ హక్కుల చట్టమూ వచ్చింది. సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి హక్కు ఉందని ఆ చట్టం ఒప్పుకుంది. పట్టాల కోసం ఆ చట్టాన్ని పట్టుకున్నంత గట్టిగా ఈ హక్కు కోసం మనం పట్టుకోలేదు. ఈలోగా పోలవరం ముంపు దేవీపట్నం ఊళ్లను ఖాళీ చేయిస్తోంది. ఆ నీటిని ఎరిగినవాళ్లు కాలనీలకు చేరుతున్నారు. నది రూపు మారితే పాత గుర్తులు కొన్ని పనికిరావు. ఏవి పనికొస్తాయో చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆ రెండు సినిమాలూ పిల్లలకు చూపించండి. చూశాక, ‘ఈ లాంచీని ఆపమని చెప్పగలిగినవాళ్లు ఎవరు?’ అని అడగండి. తర్వాత వాళ్లను ఇంటికి పంపి సుడికీ, ఇసుక మేటకీ, వరద రంగుకీ తాతలు కోయలో, కొండరెడ్ల మాటలో ఏమంటారో రాసుకు రమ్మనండి. ఆ నోటుబుక్కులు చేర్చితే మన గైడుల మొదటి పాఠ్యపుస్తకం అవుతుంది. దాన్ని చదివిన పిల్ల రేపు బోటు ముందు నిలబడి ‘వద్దు’ అన్నప్పుడు, ఆ మాటకు సరంగు ఇంజను ఆపే రోజు రావాలి.