కూర తెలుసు, నేల తెలుసా?

చైత్రం రాగానే మన ఆడవాళ్ల చూపు చింతచెట్ల మీదికి పోతుంది. సూరత్‌లోని ఉన్‌లో ఉన్నా అంతే. లేత చిగురు అందేంత కొమ్మ కనబడితే చాలు, కొంగు పట్టి నిలబడతారు. కరీంనగర్ నుంచో వరంగల్ నుంచో మగ్గాల పని మీద సూరత్ వచ్చి తరాలు గడిచిన ఇళ్లలో కూడా చింతచిగురు పప్పు పోలేదు. పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బజార్లో గుజరాతీ మాట్లాడతారు గానీ కూర ఏరడం దగ్గరికి వచ్చేసరికి అందరూ అవ్వ చెప్పిన మాటే వింటారు. ఈ విద్య మన చేతుల్లో ఇంకా మిగిలి ఉండటం నాకు గొప్ప సంతోషం.

జూన్‌లో వానలు పడ్డాక ఇక చెప్పేదేముంది! గంగవాయిలి, పొన్నగంటి, గలిజేరు, కొండ తోటకూర. ఖాళీ ప్లాటు కనబడితే అందులో ఒక పూట కూర ఉంటుంది. కొత్తగా వచ్చిన కోడలు పక్కింటామెను అడుగుతుంది: "అక్కా, వీళ్లు లూణీ అంటున్నరు, ఇది మన గంగవాయిలే గదా?" అవును, అదే. అయితే కాడ విరిచి చూడాలి. గంగవాయిలి కాడ దళసరిగా ఉంటుంది, విరిస్తే నీరు వస్తుంది. నేల మీద అలాగే పాకుతూ, విరిస్తే పాలు కారే మొక్క వేరే ఉంది. అది వద్దు. తోటకూర గుబురులో ఉమ్మెత్త మొలక ఉంటే, లేతగా ఉన్నప్పుడు తొందరలో తేడా తెలియదు. అందుకే గుప్పిళ్లతో పీకకుండా ఒక్కొక్క మొక్కనే చూసి గిల్లాలి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు విత్తకుండా మొలిచే ఈ ఆకుకూరలకు పండుగ జరిపి మరీ వాటిని లోకానికి చూపించారు. వాళ్లు ఎప్పుడూ చెప్పే ఇంకో మాట కూడా ఉంది: మందులు కొట్టిన చేలో ఈ కూరలు బతకవు. అంటే వాళ్ల విద్యలో మొక్క ఎంతో, చేను కూడా అంతే.

మనం వలస వచ్చినప్పుడు మొక్కను గుర్తుపట్టే కన్ను మాత్రం వెంట తెచ్చుకున్నాం. ఆ నేల వెంట రాలేదు.

ఉన్ చుట్టూ ఏముందో ఒకసారి తలుచుకోండి. ఒకవైపు పాండేసరా, ఇంకోవైపు సచిన్. రెండూ పారిశ్రామిక వాడలే. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్‌లో ఒక ట్యాంకర్ నుంచి రసాయనాన్ని దొంగతనంగా కాలువలోకి వదులుతుంటే లేచిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు చనిపోయారు. గాలి ఆ రోజే చంపింది కాబట్టి అందరికీ తెలిసింది. కాలువ గట్టున పచ్చగా ఎదిగే పొన్నగంటి ఏం తాగి ఎదిగిందో మాత్రం కంటికి తెలియదు. పొన్నగంటికి తడి నేల అంటే ప్రాణం, మన వాడల్లో తడి నేల అంటే ఎక్కువగా మురుగు కాలువ పక్కనే. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలు మట్టిలో ఉంటే ఆకుకూరలు వాటిని వేళ్లతో పీల్చి ఆకులో దాచుకుంటాయి. పైనున్న దుమ్ము కడిగితే పోతుంది. లోపలికి చేరింది కడిగినా, ఉడకబెట్టినా పోదు. తిన్న రోజు ఏమీ కాదు, అదే దాని మోసం. ముందు నష్టపోయేది ఎదిగే పిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు.

కాబట్టి నా తీర్పు సూటిగా చెబుతాను. కాలువ గట్టు, రైలు పట్టాల పక్క, మిల్లు ప్రహరీ, చెత్త పోసిన జాగా, హైవే అంచు: అక్కడ ఎంత లేత కూర ఉన్నా తాకొద్దు. ఊరు దాటి, చెరకు, వరి పండే పల్లెల వైపు పోయి, మందు కొట్టారో లేదో రైతును అడిగి ఏరుకోండి. లేదా మేడ మీద పాత బకెట్లో మంచి మట్టి నింపి గంగవాయిలి కాడ గుచ్చండి. వారంలో వేళ్లూనుతుంది. రోడ్డుకు దూరంగా ఉన్న చింతచెట్టు మీద నాకు అభ్యంతరం లేదు, చిగురు బాగా కడిగి వండుకోండి.

ఇక పుట్టగొడుగుల సంగతి. చలిదేశాల్లో వసంతంలో కూడా అడవికి పోయి గొడుగులు ఏరుతారు. మనకు అవి తొలకరి తరువాతే. మన ఊళ్లలో పుట్టగొడుగు అంటే చెదలు పెంచే గొడుగు. నడిమి మొన తేలి, వేరులాంటి పొడవాటి కాడ పుట్ట లోపలికి దిగి ఉంటుంది. ఏటా అదే పుట్ట మీద, అదే కార్తెలో వస్తుంది, అది తిన్నవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఆ నమ్మకం గొడుగు మీద కాదు, ఆ పుట్ట మీద. సూరత్‌లో ఆ పుట్ట లేదు.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. 2015లో జర్మనీ చేరిన శరణార్థులు, సొంత దేశంలో తినే గొడుగనుకొని అక్కడి ప్రాణాంతకమైన అమానిటాను తిన్నారు. హనోవర్ వైద్య విశ్వవిద్యాలయం అరబీ, కుర్దిష్ భాషల్లో హెచ్చరిక పోస్టర్లు వేయవలసి వచ్చింది. కాలిఫోర్నియాలో ఆగ్నేయాసియా వలసవాళ్లు అదే గొడుగును తమ వరిగడ్డి పుట్టగొడుగని పొరబడ్డారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, సొంత ఊళ్లో ఆరితేరినవాళ్లు. ఊరు మారకపోయినా ప్రమాదం తప్పదు: 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి గొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు.

మన వాడల్లో వాన తరువాత గడ్డి మీద, పెంటకుప్పల పక్కన తెల్లగా, పళ్లెమంత వెడల్పుగా లేచే గొడుగు ఒకటి ఉంటుంది. చూపుకు రుచికరంగానే ఉంటుంది. ముదిరితే అడుగున మొప్పలు ఆకుపచ్చగా మారతాయి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వెండి నాణెం నల్లబడలేదు, వెల్లుల్లి రంగు మారలేదు, పురుగులు తిన్నాయి కాబట్టి మంచిదే అనే పరీక్షలన్నీ వట్టివి. అమానిటా విషాన్ని వేడి కూడా చంపలేదు. ఉన్‌లో మొలిచిన ఏ గొడుగూ వండొద్దు. తినాలనిపిస్తే పెంచి అమ్మేవి కొనుక్కోండి.

ఎవరైనా తిని ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. అమానిటా విషం ఆరు గంటలు దాటాకే బయటపడుతుంది. వాంతులు తగ్గి మనిషి ఒక రోజు కుదుటపడినట్టు కనిపించినా, లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. తగ్గిందని ఇంట్లో ఉంచొద్దు. మిగిలిన గొడుగు ముక్కను, వండిన కూరనైనా సరే, కాగితంలో చుట్టి వెంట తీసుకుపోండి. అంబులెన్స్‌కు 108. విషాల గురించి రాత్రీ పగలూ సలహా చెప్పే ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రం నంబరు 1800 116 117. ఈ రెండు నంబర్లూ ఈరోజే వంటింటి గోడ మీద రాసి పెట్టండి.