చప్పుడు వెనక లెక్క

కొన్నేళ్ళ కిందట మనామాలో ఉగాది నాడు నేనొక తప్పు చేశాను. ఆ ఏడు సాంస్కృతిక కార్యక్రమాల జాబితా చూసే పని నాది. పదహారేళ్ళ మావాడు వచ్చి, "ఐదు నిమిషాలివ్వు నాన్నా, నేను చేసిన మ్యూజిక్ వినిపిస్తాను" అన్నాడు. ఇచ్చాను. కూచిపూడి తరంగానికీ భోజనాలకీ మధ్యన వాడు లాప్‌టాప్‌తో వేదిక ఎక్కాడు. నిమిషం తిరక్కుండానే ముందు వరసలో పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. "స్పీకరు పాడైనట్టుంది, చూడండి" అన్నారొకాయన. రెండో నిమిషంలో నేనే మైకు అబ్బాయికి సైగ చేశాను. చప్పుడు ఆగింది. వాడు మారు మాట్లాడకుండా వైరు చుట్టుకుని దిగిపోయాడు.

ఆ మిగిలిన మూడు నిమిషాల బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

వాడు వినిపించిన దాన్ని బ్రేక్‌కోర్ అంటారట. ఎప్పుడో ఎవరో వాయించిన డ్రమ్ముల ముక్కని తీసుకుని, కంప్యూటర్లో కొత్తిమీర తరిగినట్టు తరిగి, ఆ తునకల్ని వేరే వరసలో పేర్చి, విపరీతమైన వేగంతో నడిపిస్తారు. వినగానే మనకి తోచేది ఒక్కటే: ఇందులో సంగీతమేదీ? నాకూ అదే తోచింది.

మావాడు ఇంజనీరింగు చదవడానికి హైదరాబాదు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. వాడి గదిలో ఒక హార్డ్ డిస్క్ మిగిలింది. వాడి మీద బెంగతోనే అందులోని పాటలు కారులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. సిత్రాలో నా ఉద్యోగం యంత్రాల మరమ్మత్తు. చప్పుడు విని కంప్రెసర్‌కి ఏ జబ్బు చేసిందో చెప్పడమే ఇన్నేళ్ళుగా నేను తింటున్న అన్నం. మొదటి వారమంతా బేరింగు అరిగిన మోటారు విన్నట్టే ఉంది. రెండో వారంలో అనుమానం వచ్చింది. అరిగిన బేరింగు ఇంత కచ్చితంగా మోగదు.

అప్పుడు విన్న ఆల్బమ్ కెనడాలోని విన్నిపెగ్ నగరానికి చెందిన ఆరన్ ఫంక్ అనే ఆయనది. వెనీషియన్ స్నేర్స్ అన్న పేరుతో 2005లో తెచ్చాడు. పేరు హంగేరియన్‌లో ఉంటుంది, "రోస్ చిల్లాగ్ అలత్త్ స్యులెతెత్త్". చెడు నక్షత్రంలో పుట్టినవాడని అర్థం. వయొలిన్లూ చెల్లోలూ దిగులుగా మొదలవుతాయి. వాటి మీదకి డ్రమ్ములు వడగళ్ళలా పడతాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా వేళ్ళు స్టీరింగు మీద వాటంతటవే కదులుతున్నాయి: తకిట తకధిమి, తకిట తకధిమి. చిన్నప్పుడు కాకినాడలో నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్న వేళ్ళు అవి. మూడూ నాలుగూ ఏడు. మిశ్రచాపు! ఆ ఆల్బమ్‌లో చాలా భాగం ఏడు లెక్కలోనే నడుస్తుంది.

నాలుగు లెక్కకి అలవాటు పడిన చెవికి అది కాలు విరిగిన నడకలా ఉంటుందేమో. మనకెందుకు ఉండాలి? చిన్నప్పటినించీ కచేరీల్లో వింటున్న నడకే కదా. ఫంక్ ఆ ఏడుని ఎన్ని తునకలు చేసినా తూకం తప్పడు. తాళం జారిపోయిందని మనం అనుకునేలోపల ముక్తాయింపులా అన్నీ కలిసి సరిగ్గా సమం మీద వాలతాయి. ఆయనకి మన తాళం తెలుసని నేననడం లేదు. మనకి తెలిసిన తలుపు గుండా ఆ ఇంట్లోకి వెళ్ళవచ్చు అంటున్నాను, అంతే.

అలాగని ఆ డిస్కులో ఉన్నవన్నీ మంచివని అనను. రోటర్‌డామ్‌లో 1990ల మొదట్లో బలపడిన గాబర్ అనే హార్డ్‌కోర్ ఉంది. పగిలిపోయేలా పెంచిన డ్రమ్ము దెబ్బ నిమిషానికి నూట యాభై మించి పడుతూనే ఉంటుంది. రేవు పట్నపు కుర్రాళ్ళు రాత్రంతా ఎగరడానికి చేసుకున్నది. ఎగిరేవాడికి బాగానే ఉంటుంది, కూర్చుని వినేవాడికి మాత్రం ఆరోగ్యంగా ఉన్న కంప్రెసరే. బెర్లిన్‌లో 1992లో మొదలైన అటారీ టీనేజ్ రయట్ వాళ్ళది నయా నాజీల మీద కోపం. కోపం న్యాయమైనదే. కాని మూడో పాటకి నాకు నినాదం మిగిలి పాట పోయింది. వేగం ఎవరైనా పెంచగలరు. వేగంలో కూడా లెక్క వినిపించి, ఆ లెక్క వెనక ఒక దిగులో సంతోషమో తగిలినప్పుడే నాకది సంగీతం.

మావాడి ముక్కలో ఏముందో అప్పట్లో నేను వినలేదు. ఏ డ్రమ్ము తరిగావని తరవాత ఫోన్లో అడిగితే, "అందరూ తరిగేదే నాన్నా, ఏమెన్ బ్రేక్" అని ఆ కథ చెప్పాడు.

అమెరికాలో విన్‌స్టన్స్ అనే బృందం 1969లో ఒక రికార్డు తెచ్చింది. ఒక వైపు "కలర్ హిమ్ ఫాదర్", కష్టపడి ఇల్లు నడిపే మారుతండ్రి గురించి ఒక పిల్లవాడు పాడే పాట. దానికి గ్రామీ వచ్చింది. రెండో వైపు "ఏమెన్, బ్రదర్" అనే వాద్యగీతం. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు ఒంటరిగా వాయించినది ఏడు సెకన్లకి మించదు. ఆ కొద్ది సెకన్లే వేలాది పాటల్లోకి వెళ్ళాయి. జంగిల్, డ్రమ్ అండ్ బేస్, బ్రేక్‌కోర్ ఆ పునాది మీద లేచినవే. కోల్‌మన్‌కి వాటినించి దమ్మిడీ రాలేదు. 2006లో అట్లాంటాలో నిలువ నీడ లేకుండా పోయాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇరవై నాలుగు వేల పౌండ్లు అందించారు. కోల్‌మన్ అది చూడలేదు.

ఈ కథ విన్నాక నాకు మరో పేచీ వచ్చింది. మాంచెస్టర్‌కి చెందిన బ్రిన్ జోన్స్, ముస్లిమ్‌గాజ్ పేరుతో, 1999లో చనిపోయేదాకా పాలస్తీనా పక్షాన అరబ్బు డ్రమ్ములతో పదుల కొద్దీ ఆల్బమ్‌లు చేశాడు. ఈ దేశాలకి ఒక్కసారీ రాలేదు. వింటూంటే మత్తెక్కే మాట నిజమే. కాని ఇక్కడే ఉంటూ వింటే ఆ వాయించిన చేతులెవరివా అనిపిస్తుంది. తరగడాన్ని నేను తప్పుపట్టను. ఎవరి చేతిని తరిగామో చెప్పకపోవడమే తప్పు.

చేతులంటే గుర్తొచ్చింది. ముహర్రక్‌లో ముత్యాల జాలర్ల ఫిజిరీ పాట మీలో ఎంతమంది విన్నారు? 2021లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. గుండ్రంగా కూర్చుని, డ్రమ్ములూ, మన ఘటాన్ని గుర్తుచేసే జహల్ అనే మట్టికుండా వాయిస్తూ, చప్పట్లతో పాడతారు. మొదటిసారి విన్నప్పుడు నాకు చప్పట్లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టుంది, లెక్క దొరకలేదు. కిందటి వేసవిలో మావాడు సెలవులకి వస్తే తీసుకెళ్ళాను. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకళ్ళు కొట్టని సందులో ఇంకొకళ్ళు కొడుతున్నారని వేలితో చూపించాడు. అప్పుడు వినిపించింది. నాఖుదాల దగ్గర అప్పులు తీసుకుని సముద్రంలో మునిగినవాళ్ళ పాట అది. నూనె రాకముందు ఈ ద్వీపాన్ని పోషించింది వాళ్ళ ఊపిరే. ఊరు వదిలి అప్పు తీర్చడానికి ఇక్కడికొచ్చిన మనకి ఆ చప్పుడు పరాయిదని ఎలా అనగలం?

పెద్దవాళ్ళకి ఒక సలహా. ఒక్కసారిగా బ్రేక్‌కోర్‌లో దూకకండి. చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యకారుడు 1982లో పది రాగాలని సింథసైజర్ మీద, డిస్కో తాళానికి వాయించి ఒక రికార్డు తెచ్చాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక, షికాగో వాళ్ళు 1987లో యాసిడ్ అన్న పేరుతో తెచ్చిన ధ్వనికి ఇది ముందే పుట్టిన అన్నలా ఉందని లోకం ముక్కున వేలేసుకుంది. భైరవ్ రాగం తెలిసినవాళ్ళకి అక్కణ్ణించి దారి సులువు. ఆ తరవాత ఫంక్ దగ్గరికి రండి. చేత్తో ఏడు వేస్తూ వినండి. అప్పుడూ నచ్చకపోతే నచ్చలేదనండి. విన్నాక తిట్టడం విమర్శ. వినకుండా ఆపేయడం నేను చేసిన పని.

సెలవుల చివర్లో, ఆ ఉగాది ముక్క ఇంకా ఉందా అని మావాణ్ణి అడిగాను. ఉందన్నాడు. పూర్తిగా విన్నాం. మూడో నిమిషంలో డ్రమ్ములన్నీ తప్పుకుంటాయి. వెనకనించి మా అమ్మ గొంతు, ఎప్పుడో ఫోన్లో వాడితో "భోంచేశావురా?" అన్నది, నాలుగైదుసార్లు తిరిగి తిరిగి వస్తుంది. ఆవిడ ఆ ఉగాదికి రెండు నెలల ముందే పోయింది. నేను సైగ చేసింది దానికి ముందు.

వచ్చే ఉగాదికి జాబితా చూసేది నేను కాదు. అయినా కమిటీ వాళ్ళకి అర్జీ పెట్టుకున్నాను. వాడికి ఐదు నిమిషాలివ్వండి, పూర్తిగా. భోజనాల తరవాతైనా సరే.