వలయము దాటిన గురుత్వాకర్షణ ఆగునా?

ఫిన్లండు దేశపు రోవియో సంస్థ 2012 మార్చి 22న వెలువరించిన ‘యాంగ్రీ బర్డ్స్ స్పేస్’ ఒక్క వ్రేలితో ఆడదగిన సెల్‌ఫోను ఆట. తెరపై ఉండేలును వ్రేలితో లాగి విడిచినచో పక్షి ఎగిరిపోయి దూరమున నున్న పందులను కొట్టును. అదే సంస్థ 2009లో విడుదల చేసిన మొదటి ఆటలో పక్షులు విసరిన రాళ్లవలె వంపుదారిలో పోయి నేలపై పడును. ఈ ఆటకు రంగస్థలము అంతరిక్షము. కావున భౌతికశాస్త్రము బోధించువారు దీనిని పరీక్షించి చూడదగును.

ముందు దీని మంచిని చెప్పవలెను. గ్రహములకు దూరముగా విడిచిన పక్షి ఎటును వంగక తిన్నగా పోవును. ఏ బలమును పనిచేయనిచో కదలుచున్న వస్తువు ఒకే వేగముతో సరళరేఖలో పోవునని న్యూటను మొదటి సూత్రము. నేలపై దొర్లించిన బంతి రాపిడివలన ఆగిపోవును గనుక తరగతిలో దీనిని చూపుట కష్టము, ఆటలో సులభము. పక్షి గ్రహము చెంతకు వచ్చినపుడు దాని దారి గ్రహమువైపు వంగును. వేగము, దిశ కుదిరినచో అది గ్రహమును చుట్టివచ్చి ఆవల దాగిన పందిని తాకును. కక్ష్య యనగా నేమో విద్యార్థికి ఆడుచుండగనే బోధపడును.

ఇక లోపము. గ్రహముల చుట్టును లేతరంగు వలయము చూపబడినది. దాని లోపల ఆకర్షణ కలదు. గీత దాటినంతనే లేదు. ప్రకృతిలో ఇట్టి పొలిమేర ఎచ్చటను లేదు. గ్రహకేంద్రమునుండి దూరము రెట్టింపైన ఆకర్షణ నాల్గవ వంతగును, మూడురెట్లైన తొమ్మిదవ వంతగును. ఎంత తగ్గినను సున్న కాదు. చంద్రుడు భూవ్యాసార్ధమునకు సుమారు 60 రెట్ల దూరమున నున్నాడు. అచ్చట భూమ్యాకర్షణ నేలమీది దానిలో 3,600వ వంతు మాత్రమే. ఆ కొద్దిపాటి ఆకర్షణయే చంద్రుని కక్ష్యలో నిలుపుచున్నది.

ఈ పొరపాటు చిన్నది కాదు. ఆట విడుదలకు ముందు నాసా వ్యోమగామి డాన్ పెటిట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో ఒక బొమ్మపక్షిని ఎగురవేసి చూపెను. అది తిన్నగా తేలిపోయెను. అది చూచి, ఆటలోని వలయమును కూడ చూచిన విద్యార్థి ‘అంతరిక్షములో గురుత్వాకర్షణ లేదు’ అని తలచుట సహజము. కాని 400 కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేలమీది దానిలో నూటికి 88 వంతులుండును. కేంద్రము, మనిషి, బొమ్మ అన్నియు సెకనుకు 7.6 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవుచు ఒక్కతీరుగ భూమివైపు పడుచున్నవి. కలిసి పడుచున్న వానిలో ఒకటి పడుట మరియొకదానికి తెలియదు. అడుగున చిల్లిగల డబ్బాలో నీరు పోసి మేడపైనుండి విడిచినచో, క్రిందపడువరకు చిల్లినుండి నీరు కారదు. ఇందలి కారణమును అదియే.

మరియొక చిన్న దోషము. పంది నున్న గాలిబుడగ పగిలినంతనే అది మంచుగడ్డ యగును. శూన్యము వేడిని అంత త్వరగా లాగుకొనలేదు. థర్మాసు ఫ్లాస్కులో కాఫీ వేడిగా నుండుట గోడల నడుమ గాలి లేకపోవుటచేతనే గదా!

ఇన్ని దోషములున్నను ఈ ఆటను బడినుండి తరిమివేయ నక్కరలేదు. ఉపాధ్యాయుడు ఆటలోని ఒక దృశ్యమును నల్లబల్లపై గీచి, వలయమును తుడిచివేసి, పక్షి దారి ఇప్పుడెట్లుండునని అడుగవలెను. తిన్నని గీతకు బదులు మొదటినుండియు కొద్దికొద్దిగా వంగు గీతను గీచి, ఏల వంగినదో చెప్పగల విద్యార్థి ఆట నేర్పినదానిని నిలుపుకొని, అది తప్పుగా చూపినదానిని దిద్దుకొన్నవాడగును.