ఉత్పాదకత లెక్కకు అందనిది

నేనుండే బోయిన్‌పల్లిని ఆనుకునే బాలానగర్ ఉన్నది. సోవియట్ సహాయంతో నిర్మించిన ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం ఒకనాడు నడిచింది అక్కడే. సరళీకరణవల్ల పారిశ్రామికోత్పాదకత పెరిగిందా లేదా అన్న వాదం వచ్చినప్పుడల్లా నాకు ఆ కర్మాగారం గుర్తుకొస్తుంది.

పెరిగిందని చెప్పే రచనల్లో పేరెన్నికగన్నది పెట్యా టొపలోవా, అమిత్ ఖండేల్వాల్ 2011లో ప్రకటించిన వ్యాసం. 1991 సంక్షోభంలో అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు లోబడి మన ప్రభుత్వం దిగుమతి సుంకాలను తెగ్గోసింది. సుంకాలు తగ్గినచోట కంపెనీల ఉత్పాదకత పెరిగిందని వారు చూపినారు. విదేశీ సరుకు పోటీకన్న, ముడిసరుకులూ విడిభాగాలూ చౌకగా దొరకడమే ఇందుకు ఎక్కువ తోడ్పడిందన్నారు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. లైసెన్సుల చాటున నాసిరకం సరుకు అమ్ముకున్న పెట్టుబడిదారుణ్ణి వెనకేసుకురావడం అభ్యుదయవాదులకు తగదు.

అయితే ఆ లెక్క ఎవరిది? పెద్ద, మధ్యరకం కంపెనీల జమాఖర్చులనుంచి తీసింది. కొత్తగా పుట్టిన, మూతపడిన సంస్థల సంగతి తేల్చడానికి ఆ సమాచారం చాలదని రచయితలే ఒప్పుకున్నారు. షెడ్డుల్లో నడిచే చిన్న కార్ఖానాలకు అందులో చోటు దాదాపు లేదు. బతికి బట్టకట్టినవాళ్లను తూచి, ఊరంతా బలిసిందని చాటవచ్చునా?

ఇంతకన్న ముఖ్యమైన లోపం మరొకటున్నది. ఇంత శ్రమ, ఇంత యంత్రం, ఇంత ముడిసరుకు వాడి ఎంత సరుకు తీశామో ఉత్పాదకత చెప్తుంది. ఆ నేర్పు ఎక్కడ పుట్టిందో చెప్పదు. ఐ.డి.పి.ఎల్. 1991కి ముందే నష్టాల్లో పడింది. 1992లో ఖాయిలా పరిశ్రమ అనిపించుకున్నది. పద్దులో అది ఓటమే. కాని హైదరాబాదు మందుల పరిశ్రమకు రసాయన విద్య నేర్పిన బడి అదే. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి అందులో పనిచేసినవారే. 1970 పేటెంటు చట్టమూ దీనికి తోడైంది. సరళీకరణ తలుపు తెరిచేనాటికి లోపల పనివాళ్లు సిద్ధంగా ఉన్నారు.

చౌక ముడిసరుకుకు రెండో ముఖమూ ఉన్నది. మన మందుల పరిశ్రమ దిగుమతి చేసుకునే ముడిసరుకులో, విలువనుబట్టి, సుమారు మూడింట రెండు వంతులు చైనానుంచి రాసాగింది. పెన్సిలిన్-జి తయారీ ఇక్కడ ఆగిపోయింది. అటువంటి వాటిని మళ్లీ ఇక్కడే చేయించడానికి 2020లో ప్రభుత్వం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించవలసి వచ్చింది.

కంపెనీ లెక్కలో ఉత్పాదకత పెరిగింది. దేశం లెక్కలో ఒక విద్య చేజారింది. రెండూ నిజాలే. మొదటిదాన్ని కాదనే మన విమర్శా, రెండోదాన్ని దాచే స్వేచ్ఛావాణిజ్యవాదుల విమర్శా అరకొరవే. సుంకం ఎంత ఉండాలని అడిగేముందు, దాని నీడన ఎవరు ఏ విద్య నేర్చారని అడగాలి.