మడమ ఉన్న బూటు

గుర్రాలను పెంచుకునేవాళ్లు రోజూ తొడుక్కునే పొట్టి తోలు బూటంటే నాకు ఎంతో గౌరవం. చీలమండ దాటి కాస్త పైకొస్తుంది, అంతే. పొద్దున్నే సాలలో లద్దె ఎత్తి, తడిసిన గడ్డి మార్చేటప్పుడూ అదే. ఆపైన జీను కట్టి ఎక్కినా అదే. పనితనమంతా మడమలో ఉంది. సుమారు అంగుళం ఎత్తున్న ఆ మడమ, పాదం రికాబులోంచి అవతలికి జారిపోకుండా ఆపుతుంది. కిందపడినప్పుడు పాదం అక్కడ ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది మరి. అందుకే అడుగున లోతైన గాళ్లు పెట్టరు. నేలమీద పట్టు ఉండాలి, రికాబులోంచి చటుక్కున ఊడిరావాలి. ఒక్క అడుగుభాగంలో ఎంత ఆలోచన! దీనికి జతగా జోధ్‌పూర్ పేరుతో ప్రపంచమంతా ఎరిగిన ప్యాంటు. చర్మం ఒరుసుకుపోకుండా, జీనుకు ఆనే మోకాలి లోపలివైపు మెత్తటి అదనపు గుడ్డ వేసి కుడతారు.