పిన్ను మీద బరువు

బేతంచెర్ల గనుల నుంచి నాపరాళ్లు వేసుకొని ట్రాక్టరు వస్తుంటే అందరి కళ్లూ ఇంజిను మీదికే పోతాయి. ఏ కంపెనీ, ఎన్ని హార్స్‌పవర్లు, ఎంత లాగుతుంది అని అడుగుతారు. నా చూపు మాత్రం ట్రాక్టరుకూ ట్రాలీకీ నడుమ ఉండే మూరెడు జాగా మీద పడుతుంది. అక్కడ ఒక ఇనుప రింగు, దాంట్లోకి పైనుంచి దిగిన ఒక పిన్ను ఉంటాయి. నాలుగు టన్నుల రాయి ఆ పిన్నును పట్టుకొని నడుస్తుంది. లాగే బలం ఇంజినుదే, కాదనను. కానీ ఆ బలాన్ని బరువుకు అందించే పద్ధతిలో, బరువును ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసిన చేతుల్లో అసలు పనితనం ఉంది.

ముందు రాయి సంగతి. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, ఇటు జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వరకు భూమి కింద సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకొని ఉంది. ఈ పొరలనే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన పెద్ద నివేదికలో వివరించాడు. జమ్మలమడుగు దగ్గరి నర్జి ఊరి పేరుతోనే శాస్త్రంలో నర్జి సున్నపురాయి నిలిచింది. పొర వెంట ఉలి దించి, గునపంతో మెల్లగా లేపితే బండ పలకలా విడివడుతుంది. అంగుళం మందం ఉన్న బండ ఒక చదరపు అడుగుకు ఆరు కిలోలకు పైనే తూగుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండంటే యాభై కిలోలు. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకుంటారు. ఆరేడు వందల చదరపు అడుగులు ఎక్కితే నాలుగు టన్నులు దాటినట్టే.

ఈ బండలను ట్రాలీలో పడుకోబెట్టరు, నిలబెడతారు. కొత్తగా చూసేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పడుకోబెడితే పడిపోయే భయం ఉండదు కదా అనిపిస్తుంది. కానీ పడుకున్న బండకు అంగుళం మందమే దిక్కు. గుంతలో చక్రం దిగి లేచిందంటే, కింద ఆనిక సరిగా లేనిచోట టపీమని విరుగుతుంది. అదే బండ అంచు మీద నిలబడితే దాని రెండడుగుల వెడల్పూ కుదుపును మోస్తుంది. దూలాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టి ఇల్లు కట్టేవాళ్లకు తెలిసిన సూత్రమే ఇది. అయితే నిలబెట్టడంలోనూ చాలా ఉంది. అడుగున గడ్డి పరుస్తారు. మొదటి బండను ముందు రేకుకు కొద్దిగా వాల్చి ఆనిస్తారు. తర్వాతివన్నీ అదే వాలులో ఒకదానికొకటి అంటుకొని నిలవాలి. నడుమ వేలు దూరే సందు మిగిలినా రోడ్డు మీద బండలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అలా కొట్టుకున్న బండ దిగేచోటికి అంచులు రాలిపోయి చేరుతుంది. ఆఖరి వరసకు కొయ్య దిమ్మ గాని, గట్టిగా చుట్టిన గడ్డి గాని బిగిస్తారు. మంచి కూలీలు ఎక్కించిన ట్రాలీ గుంతల్లో పోతున్నా రాళ్ల చప్పుడు వినపడదు.

ఎక్కించేటప్పుడు పక్కన నిలబడితే, కింద ఉన్న పెద్దాయన పైనున్న కుర్రాణ్ని కేకేయడం వినిపిస్తుంది: "ఇంగ యెనక పెట్టాకు రా అబ్బీ, ముందరికి జరుపు." ఆ ఒక్క మాటలో బరువులు లాగే శాస్త్రమంతా ఉంది. రెండు చక్రాల ట్రాలీకి ఇరుసు ఒక్కటే. ఇరుసుకు వెనక బరువు ఎక్కువైతే ముందు కొస పైకి లేవాలని చూస్తుంది, పిన్నును పైకి ఎత్తుతుంది, దాంతోపాటు ట్రాక్టరు వెనక చక్రాలనూ తేలిక చేస్తుంది. తేలికైన టైరుకు నేల పట్టు చిక్కదు. నల్లరేగడిలో అయితే ఉన్నచోటనే తిరిగి గుంత తవ్వుకుంటుంది. బరువు మరీ ముందుకు వస్తే ఇంకో చిక్కు. ట్రాక్టరు వెనక కుంగి ముందు చక్రాలు తేలుతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. ఈ రెంటికీ నడుమ, ఇరుసుకు కాస్త ముందుగా బరువు కూర్చోవాలి. ఆ 'కాస్త' ఎంతో తూకం రాయి లేకుండా కంటితో చెప్పగలిగినవాళ్లు మన గనుల దగ్గర ఉన్నారు.

వాళ్లకు ఇది కొత్తగా అబ్బిన విద్య కాదు. ఎద్దులబండి తోలిన తాతలకు ఇదే లెక్క. బండి వెనక బరువైతే నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడను పైకి ఈడ్చేది. ముందు బరువైతే మెడలు పుండ్లు పడేవి. శనగ మూటలు వేసినా, వేరుశనగ కాయ వేసినా, రైతు కాడిని చేత్తో ఎత్తి చూసి, ఒకటో రెండో మూటలు ఇటు నుంచి అటు జరిపేవాడు. ఎద్దుల స్థానంలోకి ట్రాక్టరు వచ్చింది గాని, ఆ లెక్క మారలేదు.

ఇప్పుడు ఆ మూరెడు జాగాకు దగ్గరగా రండి. ట్రాక్టరు వెనక రెండు దళసరి ఇనుప చెవులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి నడుమకు ట్రాలీ రింగు వస్తుంది. మూడింటి బెజ్జాలూ ఒక్క వరసకు రాగానే పిన్ను దిగుతుంది. కింది కొసన చిన్న క్లిప్పు పడుతుంది. రింగు అటూ ఇటూ కాస్త కదిలేటట్టు వదులు ఉంచుతారు. అది పొరపాటు కాదు. చేలో ఒక చక్రం కాలువలో దిగి ఇంకో చక్రం గట్టు మీదున్నప్పుడు ట్రాలీ ఒక పక్కకు ఒరుగుతుంది. వదులు లేకపోతే ఆ మెలి అంతా పిన్ను మీద పడి వంచేస్తుంది. కానీ ఏళ్ల తరబడి వాడగా రింగు బెజ్జం అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు గేరు మార్చిన ప్రతిసారీ వెనకనుంచి ఠంగుమని దెబ్బ వినిపిస్తుంది. తెలిసిన డ్రైవరు ఆ చప్పుడు విన్న రోజే వెల్డింగు షాపు ముందు బండి ఆపుతాడు.

ఆ చెవులు ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా చూడండి. వెనక ఇరుసు మట్టానికి కిందనే ఉంటాయి. ఇరుసుకు పైన ఎక్కడైనా కట్టి లాగితే బరువు ట్రాక్టరును వెనక్కి గుంజి బోర్లేస్తుంది. తొలినాటి ట్రాక్టర్లు ఇలా తలకిందులై ఎంతోమంది రైతుల ప్రాణాలు తీశాయి. ఆ ప్రమాదానికి విరుగుడుగా పనిముట్టును మూడు చోట్ల పట్టుకునే అమరికను ఐర్లండువాడైన హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టాడు. మన ఊళ్లలో మాసీ ఫెర్గూసన్ అని పిలుచుకునే ఎర్ర ట్రాక్టరు పేరులో సగం ఆయనదే. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్చు ఒక్కసారిగా వదిలితే ఇప్పటికీ ముందు చక్రాలు లేస్తాయి. అందుకే ముందు భాగంలో ఇనుప దిమ్మలు తగిలిస్తారు.

ట్రాలీ కట్టే వెల్డరు గురించి ఎవరూ రాయరు. అతను తయారుచేసే వస్తువులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేకపోవచ్చు. రెండు పొడవాటి చానెళ్లు, వాటికి అడ్డంగా మరికొన్ని, పైన రేకు, కింద కమాన్లు, చదరపు ఇరుసు, చాలావాటికి లారీలకు వేసే 9.00-20 టైర్లు. కానీ చానెళ్లు ముందుకు వచ్చి త్రికోణంలా కలిసేచోట అతని చెయ్యి చూడాలి. గుంజే బలమంతా వచ్చి చేరేది అక్కడికే. తెలియనివాడు అక్కడ అడ్డంగా ఒక లావుపాటి వెల్డింగు గీత పెట్టి గట్టి పని చేశాననుకుంటాడు. ఆ గీత వెంటే కొన్నాళ్లకు చీలిక పుడుతుంది. తెలిసినవాడు పట్టీని కొసలు సన్నగా కోసి, చానెలు పొడవునా పక్కలకు మాత్రమే అతుకు వేస్తాడు. బలం ఒక్కచోట పోగుపడకుండా మెల్లగా సర్దుకుంటుంది. రంగు వేశాక ఈ తేడా కనిపించదు. అందుకే ట్రాలీ కొనేవాళ్లు రంగుకు ముందే ఒకసారి వెళ్లి చూడటం మంచిది.

ఇదే పని ప్రపంచంలో ఇంకోచోట ఎలా జరుగుతుందో చూస్తే మనవాళ్ల నేర్పు ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో సెలవులకు ఇంటినే వెంట లాక్కుపోతారు. మంచాలు, పొయ్యి, స్నానాలగది ఉన్న ట్రైలరును పెద్ద పికప్ ట్రక్కుకు తగిలించి వందల మైళ్లు పోతారు. 2020 మోడలు నుంచి ఫోర్డ్ ఎఫ్-250కి ఇచ్చిన 7.3 లీటర్ల పెట్రోలు వి8 ఇంజిను బలం 430 హార్స్‌పవర్. మన రైతు నడిపే మహీంద్రా 575కు 45 దగ్గర. బలంలో పది రెట్ల తేడా ఉన్నా లాగే బరువులు మాత్రం ఒకదానికొకటి మరీ దూరం కావు. హార్స్‌పవర్ ఎక్కువగా ఖర్చయ్యేది వేగానికి. ఆ పికప్ హైవే మీద గంటకు వంద కిలోమీటర్లతో పోవాలి. మన ట్రాక్టరుకు ఇరవై, పాతిక చాలు. నిదానంగా తిరిగే డీజిలు ఇంజిను, చిన్న గేరు, నిలువెత్తు వెనక టైర్లు కలిసి మిగతా పని చేసిపెడతాయి.

అక్కడివాళ్లు కూడా ట్రైలరు బరువులో పదో వంతు నుంచి ఆరో, ఏడో వంతు దాకా హుక్కు మీద పడాలని లెక్క పెట్టుకుంటారు. అంతకంటే తగ్గితే వేగంలో ట్రైలరు తోక ఆడించి బండినే పడేస్తుంది. వాళ్లు కాగితం మీద వేసే ఆ లెక్కే మన గని దగ్గరి పెద్దాయన నోట "ముందరికి జరుపు" అయింది. కానీ ఒక్క విషయంలో వాళ్లది పైచేయి అని ఒప్పుకోవాలి. పెద్ద ట్రైలర్ల చక్రాలకు సొంతంగా బ్రేకులుంటాయి. డ్రైవరు పెడలు తొక్కగానే వెనక చక్రాలూ పట్టుకుంటాయి. మన ట్రాలీల్లో చాలావాటికి ఇరుసు ఉందిగాని బ్రేకు లేదు. వెనకనున్న నాలుగు టన్నులనూ ముందున్న రెండు టన్నుల ట్రాక్టరే ఆపాలి.

ఆ తేడా ఏమిటో ఘాటు రోడ్లు చెబుతాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి కడప దాటాక గువ్వలచెరువు ఘాటెక్కుతుంది. ఆ ఊరి పాలకోవా ఎంత పేరుపడిందో, అక్కడి మలుపులు ప్రమాదాలకు అంత పేరుపడ్డాయి. దిగేటప్పుడు బరువు వెనకనుంచి తోస్తుంది. నేర్పరి డ్రైవరు ఏ గేరులో ఎక్కాడో అదే గేరులో దిగుతాడు, ఇంజినే పట్టి ఆపుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేవాడు తన ప్రాణాన్ని బ్రేకు షూల చేతిలో పెడుతున్నాడు. వేడెక్కిన షూలు పట్టవు.

ఇంకొకటి చిన్నది, చాలామంది గమనించనిది. ట్రాక్టరుకు కుడిపక్కన రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. దున్నేటప్పుడు ఒకటే తొక్కితే ట్రాక్టరు ఉన్నచోటనే తిరుగుతుంది, సాలు మలుపులో పని తేలికవుతుంది. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే చిన్న కొక్కెం వేయాలి. మరిచిపోయి, వేగంలో ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది, ట్రాలీ దాన్ని వెనకనుంచి మడిచేస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వానికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. సీమ కుర్రవాళ్లకు ఇది పొరుగునే ఉన్న బడి. ట్రాక్టరు కొనడానికి అప్పు చేసేవాళ్లు అక్కడ కొన్నాళ్లు నేర్చుకొని వస్తే ఆ అప్పు కంటే విలువైనది ఇంటికి తెచ్చుకున్నట్టు.

ఇన్నేళ్లుగా సీమ రాళ్లు చెన్నైలో, ముంబైలో వంటగదుల గట్లుగా, ఇళ్ల నేలలుగా పరుచుకున్నాయంటే, మొదటి మజిలీ దాటించింది ఈ ట్రాక్టర్లే. ఇంత పనితనం ఉన్న మన షాపులకు బ్రేకులున్న ఇరుసు కట్టడం చేతకాని పని కాదు. అడిగేవాళ్లు లేక కట్టడం లేదు. కొత్త ట్రాలీకి దేవుడి బొమ్మ, పిల్లల పేర్లు రాయించుకునే ముందు బ్రేకులు అడగండి. వెనక తలుపుకు ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించండి. పిన్నుకు క్లిప్పుతో పాటు ఒక గొలుసు కూడా కట్టించండి. వీటికయ్యే ఖర్చు ఆ ట్రాలీ ధరలో చాలా చిన్న భాగం.